చక్కెర లేని వీగన్ కేకుకు ఏ ఖర్జూరం కొనాలి? బెంగళూరు బజారు మీద రివ్యూ

బెంగళూరులో ఖర్జూరం ఇప్పుడు నాలుగు రూపాల్లో దొరుకుతోంది: పండు, ముద్ద, సిరప్, పొడి. నాలుగూ చక్కెరకు బదులుగానే అమ్ముడవుతున్నాయి. కేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేని దారి దానిదే. వీగన్ అంటే పాలు, గుడ్డు, వెన్న లాంటి జంతు పదార్థాలు లేనిది. అలాంటి, చక్కెర కూడా లేని కేకులో ఖర్జూరం తీపి ఇస్తే సరిపోదు. తడి నిలపాలి, మెత్తదనం తేవాలి, రంగు కూడా అదే ఇవ్వాలి. మా తీర్పు ముందే చెప్పేస్తాం. గింజ తీసి, నానబెట్టి, ఇంట్లో రుబ్బుకున్న కిమియా, అంటే ఆ పేరుతో అమ్మే మెత్తటి నల్ల ఖర్జూరానికి మిగతావి సాటి రావు. ముద్ద అవసరానికి పనికొస్తుంది. పొడి కేకుకు కాదు, లడ్డూకి మంచిది. సిరప్ కేకు కోసం కొనకండి.

ఎందుకో తెలియాలంటే చక్కెర కేకులో ఏం చేస్తుందో తెలియాలి. వెన్నతో కలిపి గిలక్కొట్టినప్పుడు చక్కెర పలుకులు గాలిని పట్టి ఉంచుతాయి. పిండిలో జిగురు మరీ బిగుసుకోకుండా అడ్డుపడతాయి. ఓవెన్‌లో పిండి గట్టిపడటాన్ని కాస్త ఆలస్యం చేసి, కేకు పొంగడానికి సమయమిస్తాయి. మర్నాటికి కేకు ఎండిపోకుండా తడిని పట్టి ఉంచుతాయి. పలుకులే లేని కేకులో గాలి పట్టే పని పూర్తిగా బేకింగ్ పౌడర్, సోడాల మీద పడుతుంది. జిగురుకు అడ్డుపడే పని, తడి పట్టే పని ఖర్జూరంలోని పీచూ గుజ్జూ చూసుకుంటాయి. సిరప్‌లో ఆ పీచు ఉండదు. అది ఓడిపోయేది అక్కడే.

పండు సంగతే ఎక్కువ చెప్పాలి. శివాజీనగర్‌లోని రస్సెల్ మార్కెట్‌లో ఖర్జూరాల రకాలు బోలెడు, రంజాన్ నెలలో అయితే మరీనూ. అక్కడ పండు నొక్కి చూడొచ్చు, ఒకటి తిని చూసి మరీ కొనొచ్చు. మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో సూపర్ మార్కెట్‌లో కొంటే డబ్బా మూత తెరవనివ్వరు కాబట్టి ప్యాక్ చేసిన తేదీ, చల్లని అరలో పెట్టారా లేదా అన్నవే ఆధారం. కిమియా అన్న పేరు ఇక్కడ రకం పేరులా స్థిరపడింది గానీ, డబ్బాలో ఉండేది ఇరాన్‌లో పండే మజాఫతీ ఖర్జూరం. నల్లగా, మెత్తగా, తడి ఎక్కువగా ఉంటుంది. ఆ తడి వల్లే దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి. బయట అరలో వారాల తరబడి కూర్చున్న డబ్బాలో పండు పులిసిన వాసన వేస్తుంది. ఆ పులుపు కేకులో పోదు.

మెజూల్ రుచిలో గొప్పదే. పెద్ద పండు, కండ ఎక్కువ, తొక్క పల్చన. కానీ దాని ధరకు రుబ్బి కేకులో కలిపేయడం మాకు దుబారా అనిపిస్తుంది. రుబ్బాక కిమియాకూ దానికీ తేడా చెప్పడం కష్టం. అజ్వా కూడా అంతే, తినడానికి ఉంచుకోండి. డెగ్లెట్ నూర్ కాస్త గట్టిగా ఉంటుంది, తొక్క మొండిది. అయినా తక్కువ రంగు కావాలనుకునే యాలకుల కేకుకు బాగుంటుంది. సుక్కరి కూడా లేత రంగుదే. జులై, ఆగస్టుల్లో తోపుడు బండ్ల మీద గుత్తులుగా వచ్చే పసుపు పచ్చని కాయలు కేకుకు పనికిరావు. అవి ఇంకా పండని దశలో ఉంటాయి, కరకరలాడతాయి, కొన్ని వగరుగా కూడా ఉంటాయి. బాగా చవకగా దొరికే, అచ్చులో అదిమిన ప్యాకెట్ల వెనక ఒకసారి చూడండి. గ్లూకోజ్ సిరప్ అని రాసి ఉంటే ఆ పండ్ల మీద మెరుపు పండుది కాదు.

కొన్నాక ప్రతి పండునూ విప్పి చూడటం మానకండి. గింజ తీసినవని రాసి ఉన్న డబ్బాలోనూ విరిగిన గింజ ముక్క ఒకటి దాక్కుని ఉంటుంది. మిక్సీ బ్లేడు దాన్ని నలగ్గొట్టి, పళ్ళ కింద పడే ఇసుకలా చేస్తుంది. పండును నిలువుగా చీల్చి, రెండు బొటనవేళ్ళతో పుస్తకంలా తెరవండి. లోపల గోధుమ రంగు కండ, గింజ చుట్టూ తెల్లని సన్నటి పొర కనిపించాలి. నల్లటి పొడి, గూడు లాంటిది, పురుగు తిన్న జాడ కనిపిస్తే పారేయండి. తొక్క మీద తెల్లని చుక్కలు చూసి కంగారు పడనక్కర్లేదు. గోరువెచ్చని నీటిలో ముంచితే కరిగిపోయేది పండులోంచి బయటికొచ్చిన చక్కెర. కరగకుండా నూగులా ఉండిపోయేది బూజు.

ముద్ద ప్యాకెట్లు బేకరీల కోసం వచ్చినవి. ఇటుకలా గట్టిగా ఉంటాయి. నాలుగైదు కేకులు ఒకేసారి చేసేవాళ్ళకు గింజ తీసే పని తప్పుతుంది కాబట్టి సుఖమే. పదార్థాల వరుసలో ఖర్జూరం అన్న ఒక్క మాటే ఉండాలి. కొన్నిటిలో నూనె కలుపుతారు, అప్పుడు కేకులో నూనె ఒక పెద్ద చెంచా తగ్గించుకోవాలి. ముద్దను అలాగే పిండిలో వేస్తే ముక్కలు ముక్కలుగా ఉండిపోతుంది. 190 గ్రాముల ముద్దను 130 మి.లీ. వేడి నీటిలో చిదిమి, అరగంట ఉంచి, మిక్సీలో తిప్పాకే వాడాలి. రుచి పండుకన్నా మొద్దుగా ఉంటుంది, వాసన తక్కువ.

పొడి చేసేది ఎండు ఖర్జూరాలతో. అది నీటిలో కరగదు, నానుతుంది అంతే. కేకులో చక్కెర ఎంతో అంతే కొలతగా వేసేస్తే ఉన్న తడంతా పీల్చేసి, కేకును మరమరాల ఉండలా పొడిపొడిగా చేస్తుంది. తప్పదనుకుంటే వేడి సోయా పాలలో 20 నిమిషాలు నానబెట్టి, పాలు 50 మి.లీ. పెంచండి. నువ్వుల లడ్డూకి, రాగి జావలోకి ఈ పొడి చక్కగా సరిపోతుంది.

సిరప్ గురించి రెండే మాటలు. పీచు వదిలేసి తీపిని చిక్కబరిచిన ద్రవం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో సిరప్‌లలోని చక్కెరను తేనె, పళ్ళ రసాలతో కలిపి, తగ్గించాల్సిన లెక్కలోనే పెట్టింది. కేకులో అది త్వరగా మాడుతుంది, నడిమధ్య జిగురుగా మిగులుతుంది.

ఇక్కడే లేబుల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో కేకుల పెట్టెల మీద "చక్కెర కలపలేదు" అన్న మాట మరీ తేలిగ్గా కనిపిస్తోంది. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నాటి ప్రకటనల నిబంధనల ప్రకారం ఆ మాట రాయాలంటే చక్కెర, తేనె, సిరప్ లాంటివి కలపకపోతే చాలదు. చక్కెర స్థానంలో నిలబడే పదార్థాలూ ఉండకూడదు. అందుకు ఉదాహరణగా ఎండుపండ్ల ముద్దను పేరుపెట్టి చెప్పారు. అంటే ఖర్జూరపు ముద్దతో తీపి చేసిన కేకును "ఖర్జూరంతో తీపి చేసినది" అని అమ్మడమే నిజాయితీ. బెల్లం, కొబ్బరి చక్కెర వేసి షుగర్‌లెస్ అనడం అయితే పచ్చి అబద్ధం. బెల్లంలో ఉండేదీ చక్కెరే. అలాగే ఆకుపచ్చ చుక్క చూసి వీగన్ అనుకోకండి. ఆ చుక్క ఉన్నదానిలో పాలూ వెన్నా ఉండొచ్చు. 2022 వీగన్ ఆహార నిబంధనలతో వచ్చిన, చిన్న ఆకు ఉన్న ఆకుపచ్చ "వి" గుర్తు వేరు. ఇంటి నుంచి కేకులు చేసి అమ్మేవాళ్ళకు ఆర్డరిచ్చేటప్పుడు దేంతో తీపి చేస్తారు, ఏ పాలు వాడతారు, చాక్లెట్ ముక్కలు వేస్తారా అని మూడూ అడగండి. డార్క్ చాక్లెట్‌లో చక్కెర ఉంటుంది, కొన్నిటిలో పాలపొడీ ఉంటుంది.

ఇంకో మాట కూడా దాచకూడదు. కింద చెప్పే కేకులో 200 గ్రాముల ఖర్జూరం పడుతుంది. మెజూల్ లెక్కన చూస్తే 100 గ్రాములకు చక్కెర 66 గ్రాములు, పీచు సుమారు 7 గ్రాములు. కేకును పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో 13 గ్రాముల చక్కెర, అంటే మూడు చిన్న చెంచాలు. 200 గ్రాముల చక్కెర వేసి చేసే మామూలు కేకు ముక్కలో అది 20 గ్రాములు. తగ్గింది, పీచు కలిసింది, కానీ సున్నా కాలేదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు "ఖర్జూరమేగా" అని రెండు ముక్కలు పెట్టేయకండి.

ఇక కొలతలు. 18 సెం.మీ. గుండ్రటి టిన్నుకు ఇవి. గింజ తీసిన కిమియా 200 గ్రాములు, వేడి నీళ్ళు 100 మి.లీ., తీపి లేని సోయా పాలు 130 మి.లీ., వినెగర్ ఒక పెద్ద చెంచా, పొద్దుతిరుగుడు నూనె 60 మి.లీ., జల్లించిన గోధుమపిండి 110 గ్రాములు, రాగిపిండి 40 గ్రాములు, తీపి లేని కోకో 20 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంట సోడా పావు చెంచా, ఉప్పు పావు చెంచా, వాల్‌నట్ ముక్కలు 40 గ్రాములు. చెంచా అంటే 5 మి.లీ.ది, పెద్ద చెంచా 15 మి.లీ.ది. మెజూల్ అయితే నీళ్ళు 120, డెగ్లెట్ నూర్ అయితే 150 మి.లీ. పోయండి. డెగ్లెట్ నూర్ నానబెట్టే నీటిలో విడిగా చిటికెడు సోడా వేస్తే మొండి తొక్క మెత్తబడుతుంది.

పండ్లను వేడి నీటిలో అరగంట నానబెట్టి, చల్లారాక ఆ నీటితోనే మిక్సీలో చిన్న జార్‌లో రుబ్బండి. వేడిగా ఉండగా మూత బిగించి తిప్పితే ఆవిరి మూతను ఎగదన్నుతుంది. మధ్యలో రెండుసార్లు ఆపి, గోడలకు అంటిన దాన్ని కిందికి తోయండి. రెండు వేళ్ళ మధ్య రాసి చూస్తే తొక్క తగలకూడదు. వేరే గిన్నెలో సోయా పాలలో వినెగర్ కలిపి ఐదు నిమిషాలు ఉంచితే విరిగినట్టు చిక్కబడతాయి. గుజ్జు, పాలు, నూనె కలిపి నూనె గీతలు కనిపించకుండా గిలక్కొట్టండి. ఈ గిలకొట్టడం ఎంతసేపైనా పరవాలేదు. పిండి పడ్డాక మాత్రం చెయ్యి ఆపాలి. పొడులన్నీ కలిపి జల్లించి, రెండు విడతలుగా వేసి, వాల్‌నట్ ముక్కలూ చేర్చి, గరిటెతో అడుగు నుంచి పైకి మడతపెడుతూ తెల్లగీత పోగానే వదిలేయండి, పాతిక ముప్పై తిప్పులు చాలు. పిండి ఇడ్లీ పిండికన్నా చిక్కగా, గారెల పిండికన్నా పల్చగా ఉండాలి. గరిటె ఎత్తితే ముద్దలుగా జారాలి, ధారగా కారకూడదు. మరీ బిగుసుగా ఉంటే పాలు ఒక్కో పెద్ద చెంచా చొప్పున చేర్చండి. మరలో ఆడించిన గోధుమపిండి ఒక్కోటి ఒక్కోలా నీరు తాగుతుంది.

సోడా కొలత దగ్గర చెయ్యి జారొద్దు. 5 శాతం వినెగర్ ఒక పెద్ద చెంచా దాదాపు ఒక గ్రాము సోడానే విరుస్తుంది. పావు చెంచా సోడా అంతకన్నా కొద్దిగా ఎక్కువ, ఆ మిగులును ఖర్జూరంలోని స్వల్ప పులుపు చూసుకుంటుంది. అర చెంచా వేస్తే విరగని సోడా మిగిలి, కేకు సబ్బు రుచి వస్తుంది.

విజయవాడలోనో విశాఖలోనో కుదిరిన కొలత బెంగళూరులో ఎందుకు కూలుతుందని చాలామంది అడుగుతారు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అదే బేకింగ్ పౌడర్ ఇక్కడ ఎక్కువ పొంగిస్తుంది. గోడలు గట్టిపడకముందే కేకు లేచి, ఆపైన నడుమ దిగబడుతుంది. అక్కడ ఒకటింపావు చెంచా వేసే చోట ఇక్కడ ఒక చెంచా చాలు. నీళ్ళు కూడా 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే థర్మామీటర్ గుచ్చేవాళ్ళు సముద్రతీరపు పుస్తకాల్లోని 98, 99 కోసం చూస్తూ కూర్చుంటే కేకు ఎండిపోతుంది. నడుమ 95 డిగ్రీలు రాగానే తీసేయండి.

ఓవెన్ 160 డిగ్రీలు. చక్కెర కేకుకు పెట్టే 180 వద్దు. మెత్తటి ఖర్జూరంలో ఎక్కువగా ఉండేవి గ్లూకోజ్, ఫ్రక్టోజ్. అవి మామూలు చక్కెరకన్నా ముందే నల్లబడతాయి. 180లో పైపొర మాడేసరికి లోపల పచ్చిగానే ఉంటుంది. ఓటీజీ (ఇంట్లో బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) తిప్పుడు బొత్తాం చెప్పే వేడిని నమ్మొద్దు. పది ఇరవై డిగ్రీల తేడా మామూలే. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ కొనడం ఈ పనిలో పెట్టే ఖర్చులన్నిటికన్నా లాభం. పది నిమిషాలు ముందే వేడెక్కించి, టిన్ను మధ్య అర కన్నా ఒక మెట్టు కింద పెట్టండి. కింద, పైన రెండు కడ్డీలూ వెలగాలి. ఫ్యాన్ ఉన్నదైతే 145. మొదటి 30 నిమిషాలు తలుపు తెరవొద్దు. ఆ తర్వాత పైన రంగు తేలితే రేకు కప్పండి. 40వ నిమిషం నుంచి పుల్ల గుచ్చి చూడాలి. ఖర్జూరపు కేకులో పుల్ల పూర్తిగా శుభ్రంగా రాదు. రెండు మూడు తడి రవ్వలు అంటుకుంటే ఉడికినట్టు, పచ్చి పిండి పూతలా అంటితే ఇంకో ఐదు నిమిషాలు.

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, అడుగున వేలెడు మందాన జిగురు గీత. మూడు కారణాలుంటాయి. తీపి చాలదని ఖర్జూరం 250 గ్రాములు దాటించడం ఒకటి. నూనె గుజ్జులో సరిగా కలవక అడుక్కి దిగడం రెండోది. గుడ్డుకు బదులని అవిసె గింజల పొడి కూడా నానబెట్టి వేయడం మూడోది. ఖర్జూరం గుజ్జు ఉన్న కేకులో అవిసె అక్కర్లేదు, రెండు జిగుర్లు ఒకచోట చేరితే కేకు హల్వా అవుతుంది. కేకు రబ్బరులా సాగితే అతిగా కలిపారని అర్థం. సన్నటి సొరంగాల్లాంటి కన్నాలు పడినా అదే తప్పు. తీపి తక్కువనిపిస్తే ఖర్జూరం పెంచకండి. ఉప్పు సరిగా పడిందా చూడండి, కావాలంటే కాస్త యాలకుల పొడి చేర్చండి, నాలుకకు తీపి ఇంకా బాగా తెలిసేది వాటి వల్ల. లేదంటే నీళ్ళు 40 మి.లీ. తగ్గించి, బాగా ముగ్గిన ఏలక్కి (చిన్న రకం) అరటిపండు ఒకటి చిదిమి వేయండి. తొక్క మీద నల్ల మచ్చలు నిండినదే కావాలి. పసుపు పచ్చగా నిగనిగలాడే పండులో పిండి ఇంకా పూర్తిగా తీపిగా మారి ఉండదు.

పాలల్లో సోయాదే పైచేయి. 100 మి.లీ.కి దాదాపు 3 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి గుడ్డు చేసే పని కొంత చేస్తుంది. బాదం పాలు చాలా పల్చన, కేకు విరిగిపోతుంది. ఓట్ పాల డబ్బా మీద చక్కెర కలపలేదని ఉన్నా పోషకాల పట్టికలో చక్కెర కనిపిస్తుంది, ఓట్స్‌లోని పిండిని ఎంజైములు తీపిగా మార్చడం వల్ల. కొబ్బరి పాలు వేస్తే నూనె ఒక పెద్ద చెంచా తగ్గించండి. కొబ్బరి నూనె మాత్రం ఈ ఊరి చలికి వద్దు. 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది. డిసెంబరు ఉదయం కేకు మైనంలా బిగుసుకుంటుంది, చల్లటి సోయా పాలు తగిలితే గిన్నెలోనే పలుకులు కడుతుంది.

శనగలు ఉడికించిన నీటిని నురగ చేసి స్పాంజి కేకు చేద్దామనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. ఆ నురగను నిలబెట్టేది చక్కెరే. చక్కెర లేకుండా అది పిండి కలిపేలోపే కూలుతుంది. చక్కెరకు బదులు వాడే ఎరిథ్రిటాల్, స్టీవియా వేరే చర్చ. ఎరిథ్రిటాల్ నోట్లో చల్లగా తగులుతుంది, చల్లారాక పలుకులు కడుతుంది.

కేకు టిన్నులో 15 నిమిషాలు, జాలీ మీద గంటన్నర చల్లారాకే కోయాలి. వేడి మీద కోస్తే కత్తికి ముద్దగా అంటుకుని, ఉడకలేదేమో అనిపిస్తుంది. నిజానికి ఆరు గంటలు ఆగి, మూత పెట్టి ఉంచితే ఖర్జూరంలోని తడి పిండిలోకి పాకి, రాగి రవ్వగా తగలడం కూడా తగ్గుతుంది. చక్కెర కేకంత కాలం ఇది నిలవదు. బయట రెండు రోజులు, వానాకాలంలో ఒక్క రోజే, ఫ్రిజ్‌లో ఐదు రోజులు. ఫ్రీజర్‌లో పెట్టేట్టయితే ముక్కలు ముందే కోసి, మధ్యలో బటర్ పేపర్ వేసి పేర్చండి. తినే గంట ముందు ఒక్కో ముక్కా తీసుకోవచ్చు.